బలమైన ఆమ్లం, గాఢమైన ఆమ్లం, ప్రమాదకరమైన ఆమ్లం: మూడూ ఒకటి కావు

ఇంటర్మీడియట్‌లో రసాయనశాస్త్రం చదివినవారికి గోధుమ వలయ పరీక్ష గుర్తుండే ఉంటుంది. లవణంలో నైట్రేట్ ఉందో లేదో తేల్చే పరీక్ష అది. లవణ ద్రావణానికి అప్పటికప్పుడు తయారుచేసిన ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం కలిపి, పరీక్షనాళికను వాలుగా పట్టుకుని, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని గోడ వెంబడి చుక్కలు చుక్కలుగా జార్చాలి. ఆమ్లం మెల్లగా అడుక్కి చేరుతుంది. పైన ద్రావణం, కింద ఆమ్లం, రెండూ తాకే చోట గోధుమ రంగు వలయం. నాళికను కదిపితే వలయం పోతుందని అధ్యాపకులు ముందే హెచ్చరిస్తారు.

చాలా ఏళ్లు విద్యార్థుల పక్కన నిలబడి ఈ పరీక్ష చేయించాను. వలయం వచ్చిందా, మార్కులు పడతాయా అన్నదే వాళ్ల ఆత్రం. గోడ వెంబడే ఎందుకు జార్చాలని అడిగినవాళ్లు తక్కువ. ఆ ప్రశ్నకు జవాబు తెలిస్తే ఆమ్లాలతో జాగ్రత్తగా మెలగడంలో సగం పాఠం వచ్చినట్టే.

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సాంద్రత మిల్లీలీటరుకు 1.84 గ్రాములు. నీటికి దాదాపు రెట్టింపు బరువు. అందుకే అది గోడ వెంబడి జారి అడుగున వేరే పొరగా కూర్చుంటుంది. రెండు పొరలు తాకే సన్నటి హద్దు దగ్గర మాత్రమే ఆమ్లం నీటితో కలుస్తుంది, అక్కడే వేడి పుడుతుంది, అక్కడే వలయం ఏర్పడుతుంది. నాళికను ఊపితే ఆమ్లమంతా ఒక్కసారిగా నీటితో కలిసి పుట్టవలసిన వేడంతా ఒకేసారి పుడుతుంది. ఆ వేడికి వలయంలోని సంయోగపదార్థం విడిపోతుంది. నాళికలోని ద్రవం మరిగి ఎదురుగా ఉన్న ముఖం మీదికి చిమ్మనూ వచ్చు. ఒక పెద్ద ప్రమాదాన్ని రెండు పొరల మధ్య కదలకుండా నిలబెట్టి చేసే పరీక్ష ఇది. ఏటా వేలమంది పిల్లలు దీన్ని చేస్తారు, కానీ ఏం చేస్తున్నారో వాళ్లకు ఎవరూ చెప్పరు. నాకు బాధ కలిగించే సంగతి ఇదే.

ఆమ్లాల విషయంలో మనం పిల్లలకు సూత్రాలు వల్లె వేయిస్తాం. "ఆమ్లాన్ని నీటిలో పొయ్యి, నీటిని ఆమ్లంలో పొయ్యకు." మంచి సూత్రమే. కానీ కారణం తెలియకుండా వల్లె వేసిన సూత్రం, పుస్తకంలో లేని పరిస్థితి ఎదురైనప్పుడు చేయి పట్టుకుని ఆపదు. ఈ వ్యాసంలో సూత్రాల కంటే వాటి వెనక ఉన్న కారణాల గురించే ఎక్కువ చెబుతాను.

బలం వేరు, గాఢత వేరు

మొదట ఒక మాటల చిక్కు విప్పాలి. మామూలు సంభాషణలో బలమైన ఆమ్లం అన్నా, గాఢమైన ఆమ్లం అన్నా ఒకటే అర్థం వస్తుంది. రసాయనశాస్త్రంలో అలా కాదు. నీటిలో వేసినప్పుడు అణువులన్నీ దాదాపు పూర్తిగా అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న రేణువులుగా, విడిపోతే అది బలమైన ఆమ్లం. హైడ్రోక్లోరిక్, నైట్రిక్, సల్ఫ్యూరిక్, పెర్‌క్లోరిక్ ఆమ్లాలు ఈ కోవలోవి. కొద్ది భాగమే విడిపోతే బలహీన ఆమ్లం. వినిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం అలాంటిది. గాఢత అనేది ఆమ్లం స్వభావానికి సంబంధించినది కాదు. సీసాలో నీరెంత, ఆమ్లమెంత అన్న లెక్క మాత్రమే.

మన జీర్ణాశయంలో ఊరేది బలమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. విలీన స్థితిలో, అంటే పలుచగా, ఉంటుంది కనుక, లోపలి పొర దాన్ని కాచుకుంటుంది కనుక హాయిగా అన్నం తిని తిరుగుతున్నాం. మరోవైపు, బలహీన ఆమ్లాల జాబితాలో ఉన్న ఎసిటిక్ ఆమ్లం దాదాపు నీరు లేని స్థితిలో, అంటే గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లంగా, చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది. పైగా అది మండుతుంది. దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే ఉష్ణోగ్రత సుమారు 39 డిగ్రీలు. మే నెలలో మన ఊళ్లలో ఏసీ లేని ప్రయోగశాల గదిలో 39 డిగ్రీలు దాటడం ఎంతసేపు? బలహీనమన్న పేరు చూసి ఆ సీసాను కిటికీ పక్కన ఎండ తగిలేచోట, బర్నర్‌కు దగ్గరగా పెట్టిన చోట్లు చూశాను.

కాబట్టి ఒక ఆమ్లం ఎంత ప్రమాదకరమో దాని బలం ఒక్కటే చెప్పదు, గాఢత ఒక్కటే చెప్పదు. అది ఏ దారిన గాయం చేస్తుందో తెలియాలి. వేడితోనా, ఆవిరితోనా, ఎదుటి పదార్థాన్ని మండించడం ద్వారానా, ఒంట్లోకి ఇంకిపోయా? ప్రయోగశాలలో రోజూ వాడే ఆమ్లాలు ఒక్కొక్కటి ఒక్కో దారిలో వస్తాయి.

సల్ఫ్యూరిక్ ఆమ్లం: వేడి లెక్క

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం అంటే బరువులో 98 శాతం ఆమ్లం, సుమారు 18 మోలార్, అంటే లీటరులో 18 మోల్‌లు. మోల్ అనేది అణువులను లెక్కపెట్టే కొలత. పొగ రాదు, ఘాటు వాసన ఉండదు, నూనెలా చిక్కగా, మెల్లగా జారుతుంది. సాధువులా కనిపించే ఈ ద్రవం మొదటిసారి వాడేవారిని మోసగిస్తుంది.

ఒక లీటరు 1 మోలార్ ద్రావణం కావాలనుకుందాం. దానికి సుమారు 54 మి.లీ. గాఢ ఆమ్లం పడుతుంది. అంత నీటిలో అది కలిసేటప్పుడు దాదాపు 73 కిలోజౌళ్ల వేడి విడుదలవుతుంది. లీటరు నీటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 4.2 కిలోజౌళ్లు కావాలి. అంటే ద్రావణం మొత్తం పదిహేడు, పద్దెనిమిది డిగ్రీలు వేడెక్కుతుంది. ముప్పైలో మొదలుపెడితే యాభై దగ్గరికి వస్తుంది. బీకరు పట్టుకుంటే చేతికి చురుక్కుమంటుంది, అంతే. ఆ వేడిని మోయడానికి చుట్టూ లీటరు నీరుంది.

ఇప్పుడు తలకిందులు చేద్దాం. ఆమ్లం ఉన్న బీకరులో కాసిని నీళ్లు పోశాం. నీరు తేలిక కనుక కిందికి దిగదు, ఆమ్లం మీదే తేలుతుంది. ఒక మోల్ నీరంటే 18 గ్రాములు, మూడు నాలుగు చెంచాలు. ఒక మోల్ ఆమ్లంతో అది కలిసినప్పుడు పుట్టే వేడి సుమారు 28 కిలోజౌళ్లు. ఆ 18 గ్రాముల నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే స్థాయికి తేవడానికి అయిదున్నర కిలోజౌళ్లు కూడా అక్కర్లేదు. మిగిలిన వేడి ఎక్కడికి పోవాలి? కొంత ఆమ్లంలోకి, గాజులోకి పోతుంది. చాలామటుకు ఆ పలుచటి నీటి పొరనే ఆవిరిగా మారుస్తుంది. ఒక మిల్లీలీటరు నీరు ఆవిరైతే పదహారు వందల రెట్లకు పైగా వ్యాపిస్తుంది. ఆ ఆవిరి పైకి ఎగజిమ్మేటప్పుడు ఒట్టి నీటిని కాక ఆమ్లపు తుంపరలను వెంటబెట్టుకుని వస్తుంది. వేడి వేడి గాఢ ఆమ్లం, సరిగ్గా బీకరులోకి వంగి చూస్తున్న ముఖం ఎత్తులో.

సూత్రం వెనక ఉన్న కారణం ఇదే. వేడిని భరించే నీరు ఎప్పుడూ ఎక్కువగా ఉండాలి, ఆమ్లం ఎప్పుడూ తక్కువగా ఉండాలి, రెండూ ఎప్పటికప్పుడు కలిసిపోతూ ఉండాలి. మూడో షరతును సూత్రం చెప్పదు. ఒకసారి ఒక విద్యార్థి సూత్రం ప్రకారమే ఆమ్లాన్ని నీటిలోకి పోశాడు, కానీ కలపకుండా పోశాడు. బరువైన ఆమ్లం వలయ పరీక్షలో లాగానే అడుగున పొరగా చేరింది. అంతా అయ్యాక గాజు కడ్డీ పెట్టి ఒక్కసారిగా తిప్పాడు. బీకరు భగ్గున పొంగి తుంపరలు అతని కళ్లద్దాల మీద పడ్డాయి. అద్దాలు లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే నాకిప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఆ పిల్లవాడు సూత్రాన్ని తప్పలేదు. సూత్రమే సగం చెప్పి ఊరుకుంది.

అందుకని పలుచన చేసే పని ఇలా సాగాలి. బీకరును చల్లటి నీళ్లున్న తొట్టిలో పెట్టి, కావలసిన నీటిలో ఎక్కువ భాగం ముందే పోసి, గాజు కడ్డీతో తిప్పుతూనే ఆమ్లాన్ని సన్నటి ధారగా వదలాలి. చేతికి వేడి తగిలినప్పుడల్లా ఆగాలి. ప్రమాణ కుప్పెలో, అంటే మెడ మీద ఒక్క గీత ఉండే ఆ సన్నటి మెడ ఫ్లాస్కులో, నేరుగా కలపకూడదు. మందపాటి గాజు అడుగు ఒక చోట వేడెక్కి పగలవచ్చు. పైగా ఆ గీత ఒక నిర్ణీత ఉష్ణోగ్రతకు గీసినది. మన దేశంలో వాడే గాజు సామగ్రి మీద సాధారణంగా 27 డిగ్రీలని ఉంటుంది. వేడి ద్రావణాన్ని గీత దాకా నింపితే చల్లారాక గాఢత తప్పుతుంది. ఇక్కడ జాగ్రత్త, కచ్చితత్వం రెండూ ఒకే పనితో దక్కుతాయి: చల్లారేదాకా ఆగడం.

ఈ ఆమ్లానికి ఇంకో గుణముంది. నీరంటే దీనికి తీరని దాహం. చక్కెర మీద పోస్తే అణువుల్లోని హైడ్రోజన్, ఆక్సిజన్‌లను నీటి రూపంలో లాగేసుకుని నల్లటి బొగ్గు మిగులుస్తుంది. నూలు బట్ట మీదా, చెక్క మీదా, చర్మం మీదా చేసేది అదే. ఇది ఆవిరై పోయే ఆమ్లం కూడా కాదు. విలీన ఆమ్లపు చుక్క బల్ల మీద పడితే నీరు ఆరిపోతుంది, ఆమ్లం మిగిలి గాఢమవుతూ వస్తుంది. రికార్డు పుస్తకం అట్టకు, చున్నీ అంచుకు రెండు రోజుల తర్వాత చిల్లులు పడేది ఇందుకే. బల్ల మీద నీటి చుక్కలా కనిపించేదాన్ని నీటి చుక్క అనుకోకూడదు.

ఆవిరితో వచ్చేవి, మంటతో వచ్చేవి

గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం దగ్గర సంగతి వేరు. అది నీటిలో కరిగిన ఒక వాయువు. 35 నుంచి 37 శాతం గాఢతలో ఆ వాయువు బయటికి రావడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కలిపేటప్పుడు వేడి సల్ఫ్యూరిక్ అంత పుట్టదు, ప్రమాదమంతా ముక్కుకూ గొంతుకూ కళ్లకూ. వేసవిలో ఈ సీసా మూత తీసేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: గది వేడికి లోపల వాయువు ఒత్తిడి పెరిగి ఉంటుంది. మూతను ముఖానికి దూరంగా, మెల్లగా సడలించాలి. సీసా తీయవలసిన చోటు ఫ్యూమ్ హుడ్, అంటే ఆవిరులను ఫ్యానుతో బయటికి లాగేసే అద్దాల గూడు. చాలా కళాశాలల్లో ఆ గూడు ఉంటుంది, ఫ్యాను మాత్రం తిరగదు, లోపల పాత సీసాలు దాస్తారు. గాలి లాగని ఫ్యూమ్ హుడ్ ఒట్టి అలమారా. ఒక సన్నటి కాగితం పేలిక అద్దం అంచున పట్టుకుంటే అది లోపలికి వంగాలి. వంగకపోతే ఆ రోజు ఆ గూట్లో ఆమ్లపు సీసా తెరవకూడదు.

నైట్రిక్ ఆమ్లాన్ని ముదురు రంగు సీసాలో పెట్టేది వెలుతురుకు అది విచ్ఛిన్నమవుతుంది కాబట్టి. చర్మం మీద పడితే పసుపు మచ్చ పడుతుంది. ప్రోటీన్లతో అది జరిపే చర్య ఫలితమది, చర్మం రాలేదాకా పోదు. కానీ అసలు భయం ఆ మచ్చ కాదు. ఇది బలమైన ఆక్సీకారిణి, అంటే ఎదుటి పదార్థాన్ని మండించగలది. ఎసిటోన్, ఆల్కహాల్ వంటి సేంద్రియ (కార్బన్ ఉన్న) ద్రవాలను తాకితే వాటిని ఆక్సీకరించడం మొదలుపెడుతుంది, వాయువులు పుడతాయి, వేడి పెరుగుతుంది, ఆ వేడికి చర్య ఇంకా వేగం పుంజుకుంటుంది. నైట్రిక్ ఆమ్లపు ప్రమాదాలు చాలా ప్రయోగం చేస్తున్నప్పుడు కాదు, అయిపోయాక జరుగుతాయి. వ్యర్థాల సీసాలో మిగిలిన నైట్రిక్ పోసి, అందులోనే గాజు సామాను కడిగిన ఎసిటోన్ కూడా పోసి, మూత గట్టిగా బిగించి ఇంటికి వెళతారు. గంటల తర్వాత, గదిలో ఎవరూ లేనప్పుడు, అదృష్టం బాగుంటేనే ఎవరూ లేనప్పుడు, సీసా పేలుతుంది. అమెరికా, ఐరోపా విశ్వవిద్యాలయాల భద్రతా విభాగాలు పదే పదే రాసుకునే కథ ఇది. హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ పరవాడలో ఔషధ పరిశ్రమల ప్రయోగశాలల్లో చేరుతున్న మన పిల్లలూ, పై చదువులకు విదేశాలకు వెళ్లే మన పిల్లలూ మొదటి వారంలోనే తెలుసుకోవలసిన విషయం. నైట్రిక్ వ్యర్థానికి సొంత సీసా, సొంత చీటీ, వాయువు బయటికి పోయే రంధ్రమున్న మూత ఉండాలి.

నైట్రిక్ నుంచి వచ్చే ఎర్ర గోధుమ రంగు పొగ నైట్రోజన్ డైఆక్సైడ్. ఇది నీటిలో మెల్లగా కరుగుతుంది కనుక ముక్కు దగ్గర, గొంతు దగ్గర అంతగా మంట పెట్టకుండా ఊపిరితిత్తుల లోతుకు చేరుతుంది. పీల్చినవారు కాస్త దగ్గి, బాగానే ఉన్నామని ఇంటికి వెళ్లిపోతారు. చాలా గంటల తర్వాత, ఒక్కోసారి మరుసటి రోజు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆ పొగ బాగా పీల్చినవారిని, ఏమీ లేదని వాళ్లే చెబుతున్నా, ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచమనడం అందుకే.

నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలను కలిపితే బంగారాన్ని కరిగించే ద్రవరాజం అవుతుంది. 1940లో జర్మన్ సైన్యం డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లోకి వచ్చినప్పుడు, అక్కడి భౌతికశాస్త్రవేత్త నీల్స్ బోర్ సంస్థలో దాచిన ఇద్దరు శాస్త్రవేత్తల నోబెల్ పతకాలు సైన్యం చేతికి చిక్కకుండా రసాయనశాస్త్రవేత్త జార్జ్ డి హెవెసీ వాటిని ద్రవరాజంలో కరిగించి అల్మారాలో ఉంచాడు. యుద్ధం ముగిశాక ఆ ద్రావణం నుంచే బంగారాన్ని తిరిగి రాబట్టి పతకాలు మళ్లీ పోత పోశారు. ఎంతో ఇష్టంగా చెప్పుకునే కథే, అయితే ఒక మాట. బంగారం కరిగాక మిగిలిన ద్రావణాన్ని ఏళ్ల తరబడి ఉంచడం వేరు, అప్పుడే కలిపిన ద్రవరాజాన్ని మూత బిగించి ఉంచడం వేరు. కొత్తది క్లోరిన్, నైట్రోసిల్ క్లోరైడ్ అనే విషవాయువులను వదులుతూనే ఉంటుంది. కావలసినంతే, కావలసినప్పుడే, మూత లేకుండా, ఫ్యూమ్ హుడ్‌లోనే కలుపుకోవాలి.

పెర్‌క్లోరిక్ ఆమ్లం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మన కళాశాలల్లో దీన్ని వాడేవారు తక్కువ. చల్లగా, పలుచగా ఉన్నప్పుడు ఇది నెమ్మదస్తుడు. వేడిగా, గాఢంగా ఉన్నప్పుడు సేంద్రియ పదార్థమేది తగిలినా విస్ఫోటం. 1947 ఫిబ్రవరి 20న లాస్ ఏంజెలెస్‌లో ఒక లోహపు పూత కర్మాగారంలో పెర్‌క్లోరిక్ ఆమ్లం, ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ అనే సేంద్రియ ద్రవం కలిపిన తొట్టి పేలి 17 మంది చనిపోయారు. చుట్టుపక్కల భవనాలు నేలమట్టమయ్యాయి. దీని ఆవిరి ఫ్యూమ్ హుడ్ గొట్టాల్లో పేరుకుని దెబ్బ తగిలితే పేలే లవణాలుగా మారగలదు. అందుకే దీన్ని వేడి చేసే పనికి గొట్టాలను నీటితో కడుక్కునే ప్రత్యేకమైన హుడ్ ఉండాలి. అది లేనిచోట ఆ పని మొదలుపెట్టకూడదు.

బలహీనతే ఆయుధమైన ఆమ్లం

ఇప్పుడు చెప్పబోయేది పాఠ్యపుస్తకంలో బలహీన ఆమ్లాల వరుసలో ఉంటుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. శిలలను కరిగించే భూవిజ్ఞాన ప్రయోగశాలలు, కంప్యూటర్ చిప్పులు తయారుచేసే పరిశ్రమలు దీన్ని వాడతాయి. గాజును తింటుంది కనుక ప్లాస్టిక్ సీసాల్లో దొరుకుతుంది.

బలమైన ఆమ్లం నీటిలో పూర్తిగా అయాన్లుగా విడిపోతుంది. విద్యుదావేశం ఉన్న అయాన్లు కణాల చుట్టూ ఉండే కొవ్వు పొరను అంత తేలికగా దాటలేవు. అవి పైన ఉన్న ప్రోటీన్లను గడ్డకట్టిస్తాయి, ఆ గడ్డే ఒక పెచ్చులా మారి లోపలికి పోకుండా కొంత అడ్డుపడుతుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం సరిగా విడిపోదు. ఆవేశం లేని పూర్తి అణువుగానే చాలా భాగం ఉండిపోతుంది. అందువల్లనే చర్మాన్ని దాటి, కొవ్వును దాటి, లోతుకు ఇంకుతుంది. లోపలికి వెళ్లాక ఫ్లోరైడ్‌ను వదులుతుంది. ఆ ఫ్లోరైడ్ మన ఒంట్లోని కాల్షియంను, మెగ్నీషియంను పట్టి బంధిస్తుంది. గుండె కొట్టుకోవడానికి కాల్షియం కావాలి. రక్తంలో అది పడిపోతే గుండె లయ తప్పి ఆగిపోతుంది. 20 శాతం కంటే తక్కువ గాఢతలో పడితే నొప్పి తెలియడానికే ఒక రోజు పట్టవచ్చు. అప్పటికి అది ఎముకదాకా చేరి ఉండవచ్చు.

1994లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఒక ప్రయోగశాల సాంకేతిక నిపుణుడు రాళ్ల నమూనాల మీద పనిచేస్తూ 70 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని తొడల మీద ఒలకబోసుకున్నాడు. ఒలికినది వంద నుంచి రెండువందల ముప్పై మిల్లీలీటర్ల మధ్య ఉంటుందని అంచనా. ఒక టీ గ్లాసుకు కాస్త అటూ ఇటూ. ఒంటిలో పదో వంతు కూడా తడవలేదు. చేతులకు తొడుగులున్నాయి, తొడలకు ఏమీ లేదు. పక్కన మనిషి లేడు. అత్యవసర షవర్ లేదు. కొళాయి గొట్టంతో కడుక్కుని, వెనకున్న ఈత కొలనులో దూకి, అంబులెన్సు వచ్చేదాకా సుమారు నలభై నిమిషాలు అందులోనే ఉన్నాడు. కాల్షియం గ్లూకోనేట్ జెల్ అక్కడ లేదు. వారం రోజులకు ఒక కాలు తీసేశారు. పదిహేనో రోజున చనిపోయాడు.

ఈ ఆమ్లానికి విరుగుడు ఉంది. 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్. వెంటనే నీళ్లతో కడిగి, జెల్ రాసి, రాస్తూనే ఉండి, ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. జెల్‌లోని కాల్షియం ఆ ఫ్లోరైడ్‌ను పట్టుకుంటే ఒంట్లోని కాల్షియం మిగులుతుంది. ఆ జెల్ ట్యూబు గదిలో లేకపోయినా, దాని గడువు తేదీ దాటిపోయినా, పక్కన ఇంకొకరు లేకపోయినా ఈ ఆమ్లం సీసా తెరవకూడదు. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

ఒంటి మీద ఏముండాలి, ఏముండకూడదు

చేతి తొడుగుల మీద మనకున్న నమ్మకం ఎక్కువ. పెట్టెల్లో వచ్చే సన్నటి నైట్రైల్ గ్లౌజులు గాఢ సల్ఫ్యూరిక్, గాఢ నైట్రిక్ ఆమ్లాల ముందు కొద్ది నిమిషాలు కూడా నిలవవు. చుక్క పడితే వెంటనే తీసి పారేయడానికి పనికొస్తాయి, అంతే. పెద్ద సీసా నుంచి వంపే పనికి మందపాటి నియోప్రీన్ లేదా బ్యూటైల్ రబ్బరు తొడుగులు కావాలి. చేయి కిందికి ఉన్నప్పుడు చొక్కా చేతులు తొడుగు బయట ఉంటే కారిన ఆమ్లం తొడుగు మీదినుంచి జారి కిందపడుతుంది. లోపలికి దోపితే తొడుగులోకే చేరుతుంది. చేయి పైకెత్తి పనిచేసేటప్పుడు దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఏది ఎటు కారుతుందో ఊహించి వేసుకోవాలి.

చూపు కోసం పెట్టుకునే కళ్లజోడు రక్షణ అద్దాలు కాదు. పక్కలనుంచి, కిందనుంచి తుంపర వస్తుంది. ముఖానికి చుట్టూ అతుక్కునే గాగుల్స్ కావాలి, పెద్ద సీసాలు వంచేటప్పుడు వాటి మీద ముఖ కవచం కూడా. ఇక పాదాల సంగతి. కొన్ని కళాశాలల్లో చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి రమ్మంటారు. శుభ్రత కోసం వచ్చిన ఆ అలవాటు కంప్యూటర్ గదికి సరిపోతుందేమో, ఆమ్లాలున్న గదికి తగదు. సీసా పగిలితే మొదట తడిసేది పాదాలు. నిండా కప్పే బూట్లు వేసుకోవాలి. పైటకొంగు, చున్నీ ల్యాబ్ కోటు లోపల ఉండాలి. పిపెట్‌ను నోటితో పీల్చే అలవాటు ఎక్కడ మిగిలి ఉన్నా ఈ రోజే మానిపించాలి. రబ్బరు బల్బు ఖరీదు ఏ కళాశాలకూ భారం కాదు.

రెండున్నర లీటర్ల సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసా నాలుగున్నర కిలోలకు పైగా బరువుంటుంది. దాన్ని మెడ పట్టుకుని ఎత్తకూడదు. ప్లాస్టిక్ బకెట్టులో నిలబెట్టి మోయాలి, పగిలినా బకెట్టులోనే ఉంటుంది. వంచేటప్పుడు సీసా మీది చీటీ అరచేతి వైపు ఉండేలా పట్టుకోవాలని మా గురువుగారు నేర్పారు. కారిన చుక్క చీటీకి అవతలి పక్క దిగుతుంది, పేరు చెరిగిపోదు. పేరు చెరిగిన ఆమ్లపు సీసా ఎంత ప్రమాదమో తర్వాతి ఏడాది చేరే విద్యార్థికే తెలుస్తుంది.

పడ్డాక

చర్మం మీద ఆమ్లం పడితే వంటసోడా రుద్దాలనో, క్షారంతో విరుగుడు చేయాలనో చాలామంది అనుకుంటారు. ఆమ్లాన్ని క్షారం తటస్థం చేస్తుందన్న పాఠం మనసులో అంతగా నాటుకుపోయింది. ఆ చర్యలోనూ వేడి పుడుతుంది, అప్పటికే కాలిన చర్మం మీద. విరుగుడు కోసం వెతికే నిమిషంలో ఆమ్లం తన పని తాను చేసుకుపోతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం పడితే ముందు పొడిగుడ్డతో తుడవాలి, లేకపోతే నీటితో వేడి పుడుతుందని ఇంకో మాట వినిపిస్తుంది. ఆ భయం చెంచాడు నీళ్లకు వర్తిస్తుంది. పైన లెక్కలో చూశాం కదా, లీటర్ల కొద్దీ పారే నీరు వేడినీ ఆమ్లాన్నీ రెంటినీ మోసుకుపోతుంది. గుడ్డ కోసం ఆగవద్దు. తడిసిన బట్టలు విప్పుతూనే నీటి కిందికి వెళ్లాలి, సిగ్గు తర్వాత. కనీసం పదిహేను నిమిషాలు గడియారం చూసి కడగాలి. కంట్లో పడితే రెప్పలు వేళ్లతో విడదీసి పట్టుకుని, లోపలి మూల నుంచి బయటికి అంతసేపూ కడగాలి. ఇంకొకరు 108కి ఫోను చేసి, పడిన ఆమ్లం పేరు చెప్పాలి.

వంటసోడాకు చోటు నేల మీద ఉంది. ఒలికిన ఆమ్లం చుట్టూ అంచుల నుంచి లోపలికి చల్లుకుంటూ రావాలి, నురగ ఆగేదాకా. ఎంత కావాలో తెలుసుకుంటే ఆశ్చర్యమేస్తుంది. వంద మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లానికి మూడువందల గ్రాములకు పైగా పడుతుంది. బల్ల సొరుగులో ఉంచే చిన్న పొట్లం దేనికీ చాలదు, కిలోల లెక్కన డబ్బాలో ఉండాలి. రంపపు పొట్టు, పాత గుడ్డలు నైట్రిక్ మీద వేస్తే అంటుకునే ప్రమాదముంది. పొడి ఇసుక మేలు.

కంటి కొళాయి, అత్యవసర షవర్ పదడుగుల దూరంలో ఉన్నా దారిలో స్టూలు అడ్డుంటే లేనట్టే. కళ్లు మూసుకుని పది సెకన్లలో చేరగలగాలి. వారానికొకసారి తిప్పి, గొట్టంలోని తుప్పునీరు పోయేదాకా వదలాలి. ఇక్కడ మన వాతావరణానికి సంబంధించిన ఒక చిక్కుంది. ఈ నీరు 16 నుంచి 38 డిగ్రీల మధ్య గోరువెచ్చగా ఉండాలని అమెరికన్ ప్రమాణం చెబుతుంది. మన భవనాల్లో ఆ గొట్టానికి నీరు వచ్చేది డాబా మీద ఎండలో ఉన్న నల్ల ప్లాస్టిక్ ట్యాంకు నుంచి. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఆ నీటిలో చేయి పెట్టలేం. కాలిన కంటిని దాని కింద పదిహేను నిమిషాలు ఎవరు ఉంచగలరు? ప్రయోగశాలలో పనిచేసేవారు ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం ఆ కొళాయి తిప్పి థర్మామీటరు పెట్టి చూడండి. అంకె 38 దాటితే ఆ ట్యాంకుకు నీడ వేయించమని, లేదా గొట్టాన్ని భూగర్భ సంపు నీటికి కలపమని రాతపూర్వకంగా అడగండి.